వెనక్కి తొక్కితే ఆగే సైకిలు

రెండో దెబ్బకు రాఘవన్ కళ్ళజోడు ఎగిరి పుస్తకాల మీద పడింది.

“కొనేవాడు పంపిన ఫొటోలో ఉన్న సైకిలు ఏది?” అని తమిళంలో అరిచాడు దినేష్, స్పానరు మళ్ళీ ఎత్తుతూ.

హాలు నిండా పాత సైకిళ్ళే. ముందు చక్రం మనిషంత ఎత్తున్నదొకటి, చెక్క చక్రాలదొకటి. గోడ పొడవునా వాటి చరిత్ర చెప్పే పుస్తకాలు. కోయంబత్తూరు సింగానల్లూరు మిల్లులో తన వాటా తమ్ముళ్ళకు వదిలేసి, వీటన్నిటినీ లారీకెక్కించుకుని, కంబం లోయ పైన కేరళ సరిహద్దు దగ్గర ఒంటరిగా ఇల్లు కట్టుకున్నాడు రాఘవన్. డెబ్బై దాటినా ఆయనకు ఇంకో లోకం లేదు.

“కొట్టకప్పా, చెబుతాను. ఆ నీలం అట్ట పుస్తకం తీయి,” అన్నాడు ఆయన కూడా తమిళంలోనే. స్పానరు కింద నలిగిన కుడిచేతి వేళ్ళు రెండు పక్కకు వంగిపోయి ఉన్నాయి.

పుస్తకం ఇంగ్లీషులో ఉంది. దినేష్ బొమ్మలు మాత్రం చూశాడు. నల్లని సన్నని పందెం సైకిలు బొమ్మ దగ్గర ఆగాడు. అచ్చం అలాంటిదే కిటికీ కింద మెరుస్తూ ఉంది.

వెంటనే ఫోను తీసి స్పీకరు పెట్టాడు. కొండ కింద ద్రాక్షతోట పక్కన అతని పెద్దనాన్న కొడుకు ముని వ్యానుతో కాచుకుని ఉన్నాడు. ఘాటురోడ్డు పొడవునా కెమెరాలున్నాయని వ్యాను పైకి తేలేదు. దినేష్ బస్సులో వచ్చాడు, సైకిలు తొక్కుకుంటూ దిగిపోవాలి. సైకిలు తొక్కేవాణ్ణి ఎవడనుమానిస్తాడు?

ఫోనులో మాట తెలుగులోకి మారింది.

“అన్నా, సైకిలు దొరికింది. దాని బొమ్మ ఉండే పుస్తకం కూడా.”

“ముసలాయన?”

“ఉండాడు. నా మొగం సూసినాడు.”

“అట్లయితే ముగించేసి రా. వారమైనా ఎవురికీ తెలీదు.”

“పక్కనే ఉండాడన్నా, వింటా ఉండాడు.”

“విననీలే, డేయ్. గేటు మీద పేరు సూళ్ళేదా? మలయాళత్తాయనకు మన మాట ఏం అర్థమవతాది?”

అది వాళ్ళింట్లో తరాలుగా వస్తున్న అలవాటు. సంతలో బేరమైనా, చుట్టాల మీద ఎగతాళైనా, బయటివాళ్ళ ముందు దాచాల్సిన మాట వస్తే చాలు, తమిళం ఆపి ఇంటి భాషలోకి దిగిపోతారు. ఇంతవరకూ ఎప్పుడూ బెడిసికొట్టలేదు.

రాఘవన్ ఫోను వంకా దినేష్ వంకా అయోమయంగా చూశాడు. “గొంతు ఎండిపోతోంది. కాసిని నీళ్ళిస్తావా అప్పా?” అన్నాడు.

“నీళ్ళడగతా ఉండాడన్నా.”

“సచ్చేవానికి నీళ్ళెందుకు?”

ఫోనులో ముని నవ్వాడు. ఇక్కడ దినేష్ నవ్వాడు. వాళ్ళు నవ్వుతున్నారు కదా అని, పాపం, రాఘవన్ కూడా నెత్తురు కారే పెదవులతో కొంచెం నవ్వాడు. ఆ నవ్వు చూస్తే రాతికైనా జాలి పుడుతుంది. దినేష్‌కు పుట్టలేదు.

సైకిలు బయటికి నెట్టబోయి ఆగాడు. “దీనికి బ్రేకు లేదే?”

రాఘవన్ మొహం వెలిగింది. సైకిలు గురించి ఒక మనిషి అడిగి ఎన్నాళ్ళయిందో. దెబ్బలన్నీ మరిచిపోయినట్టు ముందుకు జరిగాడు.

“పాత పందెం సైకిళ్ళకు ఉండదప్పా. చక్రం తిరిగినంతసేపూ పెడలు తిరుగుతూనే ఉంటుంది. వెనక్కి తొక్కితే ఆగుతుంది. ఇదిగో చూడు.” ఎడమచేత్తో పేజీ తిప్పాడు. బొమ్మలో పందెగాడి పాదాలు తోలుపట్టీలతో పెడళ్ళకు కట్టేసి ఉన్నాయి. తరువాతి బొమ్మ కూడా చూపించబోయి, ఎందుకో పుస్తకం మూసేశాడు.

“ఇంత దిగుడులో ఆగుతుందా?”

“పట్టీ కట్టుకుంటే ఆగుతుంది. లేకపోతే కాలు జారి పెడలు మోకాలు విరగ్గొడుతుంది. వాకిట్లో ఒకసారి తొక్కి చూసుకో. సైకిలుకు దెబ్బ తగిలితే కొనేవాడు ముట్టుకోడు.”

నేర్చుకున్నాక ముగిద్దాంలే అనుకున్నాడు దినేష్. ముసలాయన్ని మెడపట్టి వరండాలోకి ఈడ్చాడు. ఆపని ఫోను జేబులో వేసుకుని, స్పానరు నడుముకు దోపుకుని, స్తంభం పట్టుకుని సైకిలెక్కాడు. వాకిలి గేటు వైపు వాలి ఉంది. పారిపోవడానికి వీలుగా గేటు తానే బార్లా తెరిచి వచ్చాడు. గేటు దాటితే రోడ్డు, రోడ్డు దాటితే మోకాలెత్తు పిట్టగోడ, ఆ తరువాత లోయ.

రాఘవన్ మోకాళ్ళ మీద కూర్చుని పట్టీలు కట్టాడు. కుడిచేయి పనికిరాక పళ్ళతో లాగి బిగించాడు.

“ఇంత బిగువా?”

“బిగువుగా ఉంటేనే వెనక్కి తొక్కగలవు.”

దినేష్ స్తంభం వదిలాడు. వెనక్కి తొక్కాడు. సైకిలు బుద్ధిగా నెమ్మదించింది. ఇంతేనా అని నవ్వాడు. అంతలో వాలు అందుకుంది. పెడళ్ళు అతని కాళ్ళను లాక్కుని గిరగిరా తిరిగాయి.

“వెనక్కి తొక్కప్పా, వెనక్కి తొక్కు!” రాఘవన్ కుంటుతూ వెనక పరుగెత్తాడు.

మోకాలు ఫట్‌మంది. దూకబోతే పాదాలు రాలేదు. పట్టీలు విప్పే తీరు రాఘవన్ చూపించని ఆ తరువాతి బొమ్మలో ఉంది. గేటు దాటింది, రోడ్డు దాటింది. ముందు చక్రం పిట్టగోడకు గుద్దుకుంది. మనిషీ సైకిలూ కలిసి గోడ మీంచి అవతల బండల మీద పడ్డారు.

రోడ్డు మీద పడిన ఫోనులోంచి “దినేసూ, డేయ్” అని ముని అరుస్తున్నాడు. రాఘవన్ దాన్ని తీసి ఆపేశాడు. రాళ్ళు పట్టుకుని మెల్లగా కిందికి దిగాడు.

దినేష్ కాలి ఎముక ప్యాంటు చీల్చుకుని బయటికి వచ్చింది. నోట్లోంచి నెత్తురు బుడగలు వస్తున్నాయి. రాఘవన్ ముందు పట్టీలు విప్పి, సైకిలును వేరుచేసి, బండకు ఆనించాడు. వంగిన చక్రాన్ని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. తరువాత దినేష్ పక్కన కూర్చున్నాడు.

“తాతా, నీళ్ళు,” అన్నాడు దినేష్ తమిళంలో.

“సచ్చేవానికి నీళ్ళెందుకు?” అన్నాడు రాఘవన్, తన ఇంటి భాషలో, తెలుగులో.