తలుపు బల్ల

ఆగస్టు 11. బట్టలు మడతపెట్టాను. వంటగది అలమర కడిగాను. తలుపును భోజనాల బల్లగా మార్చాను.

మాకు అరువిచ్చిన భోజనాల బల్లను బావగారు తిరిగి అడిగారని మా ఆయన పొద్దున్నే చెప్పారు.

"కొత్తది కొనడమెందుకు? నీ కుట్టుగది తలుపుందిగా."

"మరి గదికో?"

"అందులో ఉండేది నువ్వేగా. నీకు తలుపెందుకు?"

మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ తిన్నాక, ఆ గదిలో గడియ పెట్టుకుని కాసేపు ఊరికే కూర్చుంటానని నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఇవాళా చెప్పలేదు. తలుపును ఊడదీసి, పాత మంచం కోళ్ళు బిగించి, గరుకు కాగితంతో నున్నగా రుద్దాను.

ఆయన వంగి అడుగున చూశారు. "గడియ పీకలేదేం?"

"మరలు తుప్పు పట్టాయండీ, రావడం లేదు."

"పోనీలే, కిందేగా. ఎవరికి కనిపిస్తుంది?"

సాయంత్రం తన బల్లను తీసుకెళ్ళడానికి వచ్చిన బావగారు కొత్తదాన్ని నిమిరి చూశారు. "నువ్వుండగా మావాడికి వడ్రంగితో పనేముందమ్మా?"

అందరూ నవ్వారు. నేనూ వాళ్ళ మధ్యే కూర్చున్నాను. బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి, ఇన్నేళ్ళూ నేను నూనె వేసుకుంటూ వచ్చిన గడియను చప్పుడు కాకుండా పెట్టుకున్నాను.

బావగారి బల్ల బాకీ తీరింది.