ఏడు నక్షత్రాల అవతలి చిలక

"రాకుమారి అద్దాల పెట్టెలో కళ్ళు తెరిచేసరికి కిటికీ అవతల న… న…"

శ్రీవాణి ఆగిపోయింది. మాట గొంతులో ఇరుక్కుంది. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న కురుమూర్తి తల ఎత్తలేదు. పడుగు పోగుల మధ్య నాడె అటు విసిరి ఒక దెబ్బ వేశాడు, ఇటు విసిరి ఇంకో దెబ్బ వేశాడు. ఆ చప్పుడు పట్టుకుని మాట మెల్లగా బయటికొచ్చింది.

"…నక్షత్రాలు తప్ప ఏమీ లేవు."

"ఎన్నేండ్లు పండుకున్నదట?"

"నూరేండ్లు, నాయినా."

"మంచిగుంది. నన్నైతే మీ అమ్మ పొద్దు పొడువక ముందే లేపుతది."

పక్కన కండెలు చుడుతున్న యాదమ్మ రాట్నం ఆపకుండానే నవ్వింది.

అది రుబీనా మేడం బడి లైబ్రరీలోంచి తీసిచ్చిన పుస్తకం. అందరూ ఎరిగిన పాత కథే. రాక్షసుడు రాకుమారిని ఎత్తుకుపోతాడు, వాడి ప్రాణం చిలకలో ఉంటుంది. కాకపోతే ఇందులో రాక్షసుడంటే ఆకాశంలో పోయే ఓడను నడిపే యంత్రం. ఏడు సముద్రాలకు బదులు ఏడు నక్షత్రాలు. చిలక ఇనుపది, రెక్కల్లో పచ్చదీపాలు. విడిపించడానికి రాకుమారుడెవడూ రాడు, ఆ పిల్లే తన దారి వెతుక్కోవాలి. పుస్తకం తెరిస్తే చాలు, శ్రీవాణికి తమ ఊరు రాజోలి ఎక్కడో కిందికి జారిపోయేది. పెంకుల సందుల్లోంచి పడే ఎండలో నూలు దుమ్ము మెరుస్తూ తేలేది, ఇల్లు కూడా దానితోపాటు తేలేది. ఆ సుఖం ఆమెకు ఇంకెక్కడా దొరకలేదు.

బడిలో మాత్రం నేల గట్టిగానే తగిలేది. పేరులో వాణి ఉంది గాని నోట్లో లేదని పిల్లలు ఎగతాళి చేసేవారు. నత్తికి భయపడి తరగతిలో నోరు విప్పడమే మానేసింది. అలాంటిది, శనివారం బాలసభలో ఈ కథ నువ్వే చెప్పాలన్నారు మేడం.

"నేను పోను నాయినా. జ్వరమొచ్చిందని చెప్త."

"పోకుంటే పోకు. గని నా కథ నడుమల ఆపకు. నాకు అక్షరం ముక్క రాదాయె. నువ్వు సదివితేనే నాకు కథ."

ఎప్పుడూ అదే మాట. మందు బిళ్ళల అట్ట, గోడ మీది పోస్టరు, బస్సు బోర్డు, అన్నీ ఆమెతోనే చదివించేవాడు. గద్వాల బస్టాండులో నలుగురి ముందు "దీని మీద ఏమున్నది బిడ్డా" అని అడిగితే ఆమెకు తల కొట్టేసినట్టుండేది.

"నువ్వే నాలుగు అక్షరాలు నేర్చుకోరాదా?" అందొకసారి ఉక్రోషంగా.

"మగ్గమెక్కినోనికి బడెక్కడిది?" అన్నాడు.

గురువారం సాయంత్రానికి ఒక్క అధ్యాయం మిగిలింది. రాకుమారి చేతికి పంజరంతో సహా చిలక చిక్కింది.

"మెడ ఇరిస్తే రాక్షసుడు సస్తడు. గని ఓడ గూడ ఆగిపోతది, లోపల గాలుండదు. ఇరువకుంటే ఎప్పటికీ ఖైదే. ఏం చేస్తది నాయినా?"

"ఇరుస్తది. మా అవ్వ చెప్పిన కాన్నుంచి చిలక మెడ ఇరుసుడే గద. ఈమె కొత్తగ చేసేదేమున్నది?"

శ్రీవాణికి ఆ జవాబు నచ్చలేదు. చివరి అధ్యాయం రేపటికి దాచుకుందామని పుస్తకం గూట్లో పెట్టేసింది.

శుక్రవారం బడి నుంచి వచ్చేసరికి మగ్గం ఖాళీగా ఉంది.

"చీర అయిపోతే మగ్గం మీదికెల్లి కోసిండు. సావుకారికి ఇయ్యనీకె గద్వాల పోయిండు, వచ్చేసరికి పొద్దువోతది" అంది యాదమ్మ.

గూట్లోని పుస్తకం తీసుకుని గడప మీద కూర్చుని, చివరి అధ్యాయం ఒక్కతే మనసులో చదువుకుంది. పుటల మధ్య ఓ జరీ పోగు కనిపించింది. వాళ్ళింట్లో అన్నంలో కూడా దారాలే, దులిపేసి చదువుతూ పోయింది. ముగింపు చూసి గుండె నిండిపోయింది. కథ ఏమైందని తల్లి అడిగినా చెప్పలేదు. పైకి చదివి చూద్దామనుకుంటే మగ్గం చప్పుడు లేని ఇంట్లో మొదటి మాటే పెగలలేదు. ఏడుపొచ్చింది. ఊళ్ళో కొత్తగా లేచిన సెల్ టవర్ మీద ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. దాన్నే చూస్తూ, తండ్రి రాకముందే నిద్రపోయింది.

పొద్దున బడికి తయారవుతుంటే కురుమూర్తి మడత పెట్టిన చేతిగుడ్డ ఒకటి ఇచ్చాడు.

"పడుగు చివర జానెడు మిగిలింది. నిన్న పోయేముందు నేసిన. చెమటవడితే తుడుసుకో."

"నేను చెప్త అన్ననా?"

"చెప్పుమని నేనన్ననా? చేతుల పట్టుకో, అంతే."

ఆమె బడికి పోయింది. పేరు పిలిస్తే లేచి నిలబడింది. మొదటి మాటే ఇరుక్కుంది. వెనకెవరో కిసుక్కుమన్నారు. పిడికిట్లో మడత విప్పని గుడ్డ, బొటనవేలి కింద కొత్త నేత గరుకు. దాన్ని తడుముతుంటే చెవిలో మగ్గం మొదలైంది. అటో దెబ్బ, ఇటో దెబ్బ. ఆ లెక్కకు కాలి వేలు కదిపింది, మాట కదిలింది. కాసేపటికి బడి లేదు, బెంచీలు లేవు. అందరూ ఆ ఓడలోనే ఉన్నారు.

"రాకుమారి చిలక మెడ ఇరువలేదు. పంజరం తలుపు తీసి, భుజం మీద కూసోవెట్టుకుని, నీకు గూడ ఇల్లు యాదికొస్తలేదా అని అడిగింది. ఓడ ఇంటి దిక్కు తిరిగింది."

చప్పట్లు మోగాయి. రుబీనా మేడం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

శ్రీవాణి తన చోటుకొచ్చి కూర్చుని, చెమట తుడుచుకుందామని అప్పుడే గుడ్డ మడత విప్పింది. మూలన పచ్చపట్టుతో, జరీతో చిన్న బొమ్మ. తలుపు తెరిచిన పంజరం, పక్కన ఓ పిల్ల, ఆ పిల్ల భుజం మీద చిలక.

ఆ చివరి అధ్యాయం ఆమె నాయినకు ఇంకా చదివి వినిపించనేలేదు.