నలభై ఒకటో అద్దం

"స్కేలు కాస్త కిందికి పట్టు బుచ్చన్నా. పగులు కనబడాలి."

బుచ్చన్న దించాడు. ఇంజనీరు చైతన్య ఫోన్‌లో ఫోటో తీశాడు. అల్ రువైస్‌లోని ఆ పాత మజ్లిస్, అంటే అరబ్బుల అతిథిశాల, కిటికీల్లో ఏ రంగుటద్దం ఎంత పగిలిందో ఫోటోలు పంపితే, బాగుచేయడం వీలవుతుందో లేదో ఆఫీసు తేలుస్తుంది. నలభై అయ్యాయి. ఇంకొక్కటే ఉంది. అక్కడ ఎర్ర అద్దం మొత్తం ఊడిపోతే అట్టముక్క అడ్డం పెట్టారు. పొద్దున దాని ఫోటో తీయబోతే, "పొద్దు వాలినంక తీద్దాం సార్, రంగులు మంచిగొస్తయి" అని బుచ్చన్నే ఆపాడు.

"నిన్న శుక్రవారం కదా. ఇంటావిడతో మాట్లాడావా?"

"మాట్లాడిన సార్. మా భూమవ్వకు వారానికొక్కరోజే ఫోన్ దొరుకుతది. ఈ ఎర్రద్దం కిటికీ సంగతే చెప్పిన."

"చూసి ఎన్నాళ్ళయింది?"

"రెండేండ్లాయె."

బుచ్చన్న అట్ట తీశాడు. ఖాళీలోంచి ఎదురు మేడ కనిపించింది. తలకు గుడ్డ కట్టుకున్న పనిమనిషి దుప్పటి ఆరేస్తోంది. వెలుతురు చూద్దామని ఒక ఫోటో తీసిన చైతన్య విసుక్కున్నాడు.

"ఫోటోలో ఆడమనిషి పడింది. ఎవరైనా చూస్తే గొడవ. ఆవిడ దిగేదాకా ఆగుదాం."

"ఆగుదాం సార్."

పది నిమిషాలైంది. ఆవిడ దుప్పటి తీసింది, దులిపింది, మళ్ళీ ఆరేసింది.

"అదేం దుప్పటయ్యా! ఈ వేడికి ఇంకా ఆరలేదా?"

బుచ్చన్న ఎదురు మేడ వైపే చూస్తున్నాడు. స్కేలు పట్టిన చెయ్యీ దించలేదు.

కింద నుంచి ఎవరో కేకేశారు. ఆవిడ దిగిపోయింది. చైతన్య ఖాళీని ఫోటో తీసుకుని, మొదటిది చెరిపేయబోయాడు.

"సార్, అది తుడపకుండ్రి. నాకు పంపుండ్రి."

"ఏం బుచ్చన్నా, ఈ వయసులోనా? భూమవ్వకు చెప్పమంటావా?"

"చెప్పుండ్రి సార్." నవ్వాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "మొఖం బియ్యపు గింజంత లేదు. ఎవ్వలు గుర్తువడతరు? దండం వెడత సార్."

చైతన్య అతని వంక చూశాడు. ఆ ఫోటో పంపాడు.

బండి బిర్కత్ అల్ అవామిర్ కూలీల క్యాంప్ దారి పట్టాక, బుచ్చన్న ఆ ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. ఊళ్ళో ఉన్న కూతురు రాణికి పంపి, ఫోన్ నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"బిడ్డా, ఆ దుప్పటి ఆరేసేది అమ్మనే."