కరెంటు పోయే వేళ

"కాలు కింద పెట్టకు!"

నిరోష పెట్టబోయిన కాలు గాలిలోనే ఆగింది. అరిచింది మనిషి కాదు, గోడ. గోడకు కెమెరా, కెమెరాలోంచి మొగుడు శైలేందర్ గొంతు. ఆయనగారు ఉండేది మస్కట్‌లో. ఎల్లారెడ్డిలో పెళ్లాం నడకకు మాత్రం కట్!

"నీళ్లు తాగుదామని లేస్తున్న."

"అవ్వ ఇస్తది. రెండుసార్లు కడుపు పోయినంక, గింత ట్రీట్‌మెంటు చేయించినంక, మూడోసారి నిలబడ్డది. నువ్వు నిలబడితే అది నిలబడదు. పండుకో!"

"ఆరో నెల వచ్చింది, అంతా మంచిగున్నది, నడువుమని డాక్టరమ్మనే చెప్పె కదా!"

"ఆమె అందరికీ గట్లనే చెప్తది. మనది ఎక్కించిన పిండం. దిగిపోతే?"

"దిగిపోనీకి అదేమన్న బస్సెక్కిందా?"

గడపలో బీడీల చాట ముందేసుకుని కూచున్న అత్త భూదవ్వ, ఆకు కోసే కత్తెర పైకెత్తింది. "మొగడు చెప్పేది ఇనవడ్తలేదా? లేస్తే కాళ్లు ఇరగ్గొడ్త!"

"అట్ల చెప్పే అవ్వా!" గోడ మురిసిపోయింది.

నిరోష మళ్లీ మంచమెక్కింది. మంచంలోనే కంచం, మంచంలోనే మందులు. వాడకట్టంతా దీన్ని బెడ్ రెస్టు అంటోంది గానీ, ఇది అచ్చంగా బెడ్ అరెస్టు. పాదాలు బూరెల్లా పొంగాయి. కామారెడ్డి డాక్టరమ్మ కిందటి నెలే గట్టిగా చెప్పింది. "షుగర్ పెరుగుతోందమ్మా. రోజూ కాసేపు నడవాలి. ఇట్లాగే మంచం పట్టుకుని ఉంటే సూదులు మొదలుపెట్టాల్సి వస్తుంది." పక్కనే ఉన్న భూదవ్వ ఆ మాట చెవిన పడనట్టే నడుము సంచిలో పోకముక్క వెతుక్కుంది.

ఇక నిరోషకు మిగిలిన దిక్కు ఒక్కటే. కరెంటు కోత! రోజూ పొద్దు వాలే వేళకు టక్కున పోయేది. ఫ్యాను ఆగేది, కెమెరా కన్ను మూసేది. "వీని కరెంటు పాడుగాను! లైన్‌మన్‌తోని కొట్లాడొస్త" అంటూ భూదవ్వ ముందు తలుపులోంచి వెళ్లేది. ఆ వెంటనే నిరోష వెనక వాకిట్లోకి జారుకునేది. వాకిట్లో వాకింగు! అత్త దగ్గు వినపడగానే మళ్లీ మంచం. మొన్నటి పరీక్షలో షుగర్ కాస్త దిగిందంటే ఆ పుణ్యం మందులది కాదు, కరెంటోళ్లది.

ఆ పుణ్యకాలం కాస్తా ఇవాళ్టితో సరి. "దినాం అదే టైముకు ఎట్ల పోతది? వాళ్లకేమన్న మన మీద పగనా?" అని మండిపడి శైలేందర్ కామారెడ్డి నుంచి ఇన్వర్టర్ తెప్పించాడు. మెకానిక్ పర్శరాములు వచ్చి మధ్యాహ్నమే బిగించాడు.

"ఇగ మీ ఇంట్ల చీకటన్న మాటే లేదు అవ్వా," అన్నాడు. నిరోష కళ్ల ముందు మాత్రం అప్పుడే చీకట్లు కమ్మాయి.

భూదవ్వ అతన్ని బయటికి పిలిచి చెవిలో ఏదో ఊదింది. అతను తిరిగొచ్చి ఇంకాసేపు వైర్లతో కుస్తీ పట్టి వెళ్లాడు. 'ఇంకో కెమెరా పెట్టిస్తుందేమో! ఈసారి వాకిట్లో,' అనుకుంది నిరోష.

పొద్దు వాలింది. టక్! కరెంటు పోయింది.

ఫ్యాను ఆగలేదు. గిర్రున తిరుగుతూనే ఉంది. లోపల బిడ్డ కూడా గిర్రున తిరిగింది. 'నీకన్నా తిరిగే జాగా ఉన్నది బిడ్డా' అని నిరోష దుప్పటి ముసుగేసుకుని ఏడ్చింది.

"ఏందే, ఇంక లేవవా?" గడపలో భూదవ్వ.

"లేస్తే కాళ్లు ఇరగ్గొడ్తనంటివి కదా అత్తమ్మా. ఆయన చూస్తడు."

"దేంట్లకెల్లి చూస్తడు?"

నిరోష ముసుగు తీసింది. ఫ్యాను తిరుగుతోంది, లైటు వెలుగుతోంది, కెమెరా కన్ను మాత్రం ఆరిపోయి ఉంది.

"ఫ్యానుకు, లైటుకే కలుపుమన్న. దానికొద్దన్న," అంది భూదవ్వ. "డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు చెవులు లేవనుకున్నవా? వాడు ఇంటుండంగ తిట్టకుంటే నన్ను నమ్ముతడా? నీకు ముందే చెప్పేదాన్ని, వాడు ఒట్టు పెట్టి అడిగితే కక్కేస్తవని ఊకున్న."

నిరోషకు అప్పుడు వినపడింది. రోడ్డవతల పిండి గిర్ని గడగడా ఆడుతూనే ఉంది.

"అత్తమ్మా, గిర్నికి కరెంటున్నది! మరి రోజూ మనకొక్కలకే ఎందుకు పోతది?"

"ముందు నడువు బిడ్డా, నువ్వొచ్చినంకనే కరెంటొస్తది," అంటూ భూదవ్వ నడుము సంచి విప్పి, పోకముక్కల నడుమ నుంచి మీటరు ఫ్యూజు తీసి చూపించింది.