గునుగు పూల పటం

“ఇది ఫొటోనా? గడ్డివాము మీద సున్నం చల్లినట్టుంది!”

సాంబశివరావు పటాన్ని కాలేషా ముఖానికేసి విసిరాడు. అది గాలికి తిరిగొచ్చి ఆయన చెప్పుల దగ్గరే పడింది.

కాలేషా వంగి తియ్యలేదు. నరసరావుపేటలో పద్దెనిమిదేళ్లుగా స్టూడియో నడుపుతున్నాడు. పెళ్లికూతుళ్లను తీశాడు, పంచాయతీ ప్రెసిడెంట్లను తీశాడు, ప్రాణం పోయాక కుర్చీలో కూర్చోబెట్టిన ముసలివాళ్లనూ తీశాడు. వాళ్లెవరూ పటం విసిరికొట్టలేదు.

“పూలు కనపడాలన్నారు. తీశాను” అన్నాడు.

“పూలే కనపడాలన్నా. చూసినోడికి ఇది ఒకప్పుడు చేను అనే అనుమానం కూడా రాకూడదు. మళ్లీ తియ్యి.”

ఆ పూల మీద ఆయనకు ప్రేమ కారిపోయి కాదు. గురజాల అవతల ఆయనకు ఎనిమిదెకరాల మెట్ట ఉంది. దాన్ని ఇన్నయ్య, ఆరోగ్యమ్మ అనే మొగుడూ పెళ్లాలు నోటిమాట కౌలు మీద చేసుకుంటున్నారు. కొత్త కౌలు చట్టం వచ్చి, దున్నేవాణ్ణి మెడపట్టి గెంటే వీలు లేకుండా చేసింది. సాంబశివరావు అడ్డం తిరిగాడు. అసలు కౌలే లేదన్నాడు. పదేళ్లుగా నాగలి దిగని బీడన్నాడు. ఊళ్లో సాక్ష్యం చెప్పేందుకు ఒక్కరికీ నోరు పెగల్లేదు. చేలో మాత్రం వాననీళ్లు ఇంకిన చోటల్లా గునుగు కలుపు లేచి, మోకాలెత్తున పూసింది. ఇంకో పది రోజుల్లో తాసీల్దారు ముందు విచారణ. సాక్షి మాట మారుస్తాడు గానీ పటం మార్చదని ప్లీడరు చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ చేనికి వెళ్లారు. గట్టు మీద ఆరోగ్యమ్మ నిలబడి ఉంది.

“ఏందయ్యా సాయిబూ, మా నోట మట్టి గొట్టేదానికి నువ్వు గూడా తయారైనావా? నీ పెట్టె పగల!”

“ఏమే, నోరు ముయ్యి” అన్నాడు సాంబశివరావు.

“ఎందుకు ముయ్యాల? తొలకరికి మా ఆయన దున్నలా? ఇత్తనం ఎయ్యబోతే కర్రలిచ్చి మనుషుల్ని దించింది నువ్వు గాదూ?”

“దున్నాడా? రుజువు చూపించు.”

ఆమె దగ్గర రుజువు లేదు. ఒక మట్టిపెడ్డ తీసి విసిరింది. అది కెమెరా స్టాండు కాలికి తగిలి పగిలింది.

“ఏమ్మా, నీ చేను లాక్కునేది నేనా?” అన్నాడు కాలేషా విసురుగా.

“ఆయనకు కళ్లు అరువిచ్చేది నువ్వేగా!”

కాలేషా మొహం నల్లబడింది. ఆ కోపం ఆసామి మీదికి మళ్లింది.

“చూడండయ్యా, నిలబడి తీస్తే మళ్లీ అట్టాగే వస్తది. చూపు ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు పోవాలో తెలియదు. కెమెరా కిందికి దించాల. ముందు నాలుగు పూలు పెద్దగా పడాల. వెనక కొండ ఉండాల. నడుమ చూపుకు దారి దొరకాల. ఆకాశం మూడోవంతు చాలు.”

“పాఠాలు తర్వాత. ఆ గుడిసె మాత్రం పడకూడదు. గట్టు పడకూడదు. ఆ ఆడమనిషి అసలే పడకూడదు.”

కాలేషా చేను చుట్టూ నడిచాడు. నాలుగడుగులేసి వంగడం, లేవడం, మళ్లీ నాలుగడుగులు. ఉంగరం పారేసుకున్నవాడిలా వెతికాడు. తూర్పు మూలకు వెళ్లి చతికిలబడ్డాడు. అక్కడే స్టాండు దించి, నల్లగుడ్డ కప్పుకుని, చానాసేపు కదల్లేదు.

“రండి, మీరే చూసుకోండి” అన్నాడు చివరికి.

సాంబశివరావు గుడ్డలో తల దూర్చాడు. కెమెరా వెనక అద్దం మీద కొండ కిందా, పూలు పైనా తలకిందులుగా కనపడ్డాయి. ఆయనకు కళ్లు తిరిగాయి. కాలికి మట్టి అంటకుండా యాభై ఏళ్లు గింజలు తిన్న మనిషి. చేలోకి దిగడం ఇదే రెండోసారి.

“బాగానే ఉంది. కానియ్యి” అన్నాడు.

నాలుగో రోజున కాలేషా రెండు పటాలూ బల్ల మీద పెట్టాడు.

“ఏదిస్తారో మీరే తేల్చుకోండి. తర్వాత నన్ననొద్దు.”

తేల్చుకునేదేముంది? పాతదాంట్లో అంతా కలగాపులగం. కొత్తదాంట్లో గునుగు కంకులు వేలెడు లావున, నూగుతో సహా మెరుస్తున్నాయి. చూపు వాటి మీద పడి, తెల్లటి పూల వెంట తిన్నగా కొండ దాకా పోతోంది. సాంబశివరావు జన్మలో మొదటిసారి ఒక పనివాణ్ణి మెచ్చుకున్నాడు. పాతదాన్ని అక్కడే చింపేశాడు.

విచారణ రోజు కచేరీలో ఆరోగ్యమ్మ గుమ్మం పక్కన కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. ఇన్నయ్య తల ఎత్తలేదు. ప్లీడరు పటాన్ని తాసీల్దారు ముందు పరిచాడు. గోడకు తగిలించుకోవాలనిపించే పటం.

“ఇది నువ్వే తీశావా?” అని తాసీల్దారు కాలేషాను అడిగాడు.

“నేనేనండి.”

“ఏమైనా దిద్దావా?”

“గీటు గూడా దిద్దలేదండి. ఉన్నది ఉన్నట్టే.”

ఆరోగ్యమ్మ అతని వైపు ఉమ్మేసినంత పని చేసింది.

సాంబశివరావు లేచి నిలబడ్డాడు. “తమరే చూడండి. పదేళ్లుగా నాగలి మొహం చూడని నేల. ఇందులో మనిషి చెయ్యి పడ్డ ఆనవాలు ఒక్కటుంటే చూపించమనండి, ఇప్పుడే కాగితం రాసిచ్చి పోతా.”

తాసీల్దారు కళ్లజోడు సర్దుకున్నాడు. పటం అడుగున ఉన్న పెద్ద పువ్వు మీద వేలు పెట్టి, మెల్లగా కొండ దాకా జరిపాడు. మళ్లీ కిందికొచ్చి, పక్క పువ్వు నుంచి ఇంకోసారి జరిపాడు.

“అయితే సాంబశివరావు గారూ, పదేళ్లుగా నాగలి దిగని నేలలో ఈ పూలన్నీ సాలు తప్పకుండా బారులు తీరి ఎలా మొలిచాయి?”