కదలని సైకిలు

"గదిలో కూర్చుని తొక్కేవాళ్ళకి కొండ మీద పనేంటి కోచ్ గారూ?" అంది ముకాందోలి, హెల్మెట్ బల్ల మీద పడేస్తూ.

జాతీయ సైకిల్ జట్టులో ముసాన్జే క్లబ్బుకి దక్కింది ఒక్క చోటే. దానికి పోటీలో మిగిలింది ఇద్దరు. ముకాందోలి రోజూ కొండలెక్కేది. మణికట్టు విరిగిన ఉవినేజా, రోడ్డు మీదికి వెళ్ళే వీల్లేక, క్లబ్బు గదిలో ఇనప చట్రానికి బిగించిన సైకిలే తొక్కుతూ వచ్చింది. కట్టు పోయిన వారమే విప్పారు.

"రేపు పొద్దున ఇద్దరూ కినిగి కొండ ఎక్కాలి. ముందు పైకి చేరినవాళ్ళే జట్టులోకి," అన్నాడు కోచ్ గసోరే.

ముకాందోలి పకపకా నవ్వింది. "పాపం, పిల్లని అందరి ముందూ నవ్వులపాలు చేస్తారెందుకు? ఏమే, గోడని చూస్తూ తొక్కితే కాళ్ళకి బలమొస్తుందా?"

"వచ్చిందో లేదో రేపు చూద్దువుగాని అక్కా," అంది ఉవినేజా.

మర్నాడు పొగమంచు విడవకముందే బయల్దేరారు. మొదటి మలుపులోనే ముకాందోలి సీటు మీంచి లేచి, సైకిల్ని అటూ ఇటూ ఊపుతూ దూసుకుపోయింది. బంగాళాదుంప చేలల్లో ఆడవాళ్ళు పారలు ఆపి, ఆమెని పేరు పెట్టి పిలుస్తూ కేకలేశారు. వెనక్కి తిరిగి చూస్తే ఉవినేజా జాడే లేదు.

చర్చి దాటాక రోడ్డు నిటారుగా లేచింది. ముకాందోలి గేరు తగ్గించింది. మళ్ళీ తగ్గించింది. అంతలో పక్కన టైరు చప్పుడు. ఉవినేజా! సీటు మీంచి లేవలేదు, గేరూ తగ్గించలేదు. తిరగలి తిప్పినట్టు నింపాదిగా తొక్కుతూ దాటిపోయింది.

ముకాందోలి పళ్ళు బిగబట్టి వెంటపడింది. తొడలు భగభగ మండాయి. మధ్యలో దూరం పెరిగిందే గాని తగ్గలేదు.

పైన టీ కొట్టు దగ్గర కోచ్ ఉవినేజా భుజం తట్టి, "జట్టులోకి నువ్వే!" అని, టీ చెప్పడానికి లోపలికి వెళ్ళాడు. అప్పటికి చేరిన ముకాందోలి సైకిలు వదిలేసి గడ్డిలో కూలబడింది.

"అంత పెద్ద గేరు నేనే తొక్కలేనే! ఆ గదిలో ఏం చేశావసలు?"

ఉవినేజా పక్కన కూర్చుని నీళ్ళ సీసా అందించింది.

"బరువు తొక్కానక్కా. ఆ యంత్రానికి బరువు పెంచే మర ఉంటుందిగా, కోచ్ దాన్ని వదులుగానే పెట్టారు. రోజూ నేను వెళ్ళేసరికి అది బిగించి ఉండేది. పెడలు కదిలేదే కాదు. మోకాళ్ళు ఊడిపోతాయేమో అనిపించేది. చివరికి ఒకరోజు కిటికీలోంచి చూశాను, ఎవరు బిగిస్తున్నారో."

నోటిదాకా వెళ్ళిన సీసా ఆగిపోయింది. ముకాందోలి తల ఎత్తలేదు.

"మరి... కోచ్‌కి చెప్పలేదేం?"

"చెబితే నువ్వు మానేస్తావుగా! నువ్వు బిగించి వెళ్ళాక, నేనొచ్చి ఇంకో చుట్టు బిగించుకునేదాన్ని."