ఇది మన ఊరు కాదు

"ఇది మన ఊరు కాదు, దిగకు!"

ఐరావతి నది మీద పడవ రేవులో ఆగగానే, న్వే ఊ తన పక్కనున్న ఖాళీ చాపతో అంది.

"ఎవరితోనే ఆ మాటలు? ఉత్త చాప పరిచి, నన్ను కాళ్లు చాపుకోనివ్వవు!" ముసలి ఖిన్ సేన్ విసుక్కుంది.

"మా ఆయన పిన్నీ. భమో ఆసుపత్రిలో పోయాడు. పిలిచి వెంట తెచ్చుకోకపోతే, పోయినవాళ్లు అక్కడే ఉండిపోతారుగా!"

ఖిన్ సేన్ కాళ్లు ముడుచుకుంది.

"మా పెద్దాడూ అక్కడే పోయాడు. మూడేళ్లయింది. దహనం చేసి వచ్చేశాను."

"పిలిచావా?"

ముసలామె తన బుట్ట దగ్గరకు లాక్కుంది.

ఖిన్ సేన్ ఊరి రేవు వచ్చింది. బుట్ట నెత్తికెత్తుకుంది గాని దిగలేదు. తాడు విప్పుతున్నవాణ్ణి అడిగింది:

"ఈ పడవ మళ్లీ భమో పోయేదెప్పుడు నాయనా? మావాడు అక్కడే ఉండిపోయాడు."